అరవై ఒకటో ఫారం

సెమినార్ హాల్లో ముప్పై ఆరు కుర్చీలు వేయించి, ఒక్కో కుర్చీ మీద ఒక ఫైలు, ఒక పెన్ను, ఒక నీళ్ల సీసా పెట్టేసరికి తొమ్మిదిన్నరయింది. యంకప్ప చివరి వరుస దాకా నడిచి వెనక్కి తిరిగి చూశాడు. ఒక ఫైలు వంకరగా ఉంది. వెళ్లి సరిచేశాడు. గోడ పక్కన బల్ల మీద పన్నెండు ట్యాబులు చార్జింగులో ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి, తెర తుడిచి, ఎంత నిండిందో చూసి, మళ్లీ పెట్టాడు. ఈ పనులు చేయమని అతనికెవరూ చెప్పలేదు. పదకొండు వారాలుగా అతను చెప్పని పనులు కూడా చేస్తున్నాడు. తెల్లారగానే ఇంట్లోంచి బయటపడాలంటే ఏదో ఒక పని ఉండాలి.

రాయచూరులోని ఆ వైద్య కళాశాలలో పరిశోధన సహాయ విభాగమంటే రెండు గదులు, ఒక జీపు, పదకొండు మంది మనుషులు. డాక్టర్లు ఏ జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టినా ఊళ్లు తిరిగి, జనాన్ని అడిగి, సమాచారం తెచ్చిచ్చేది ఈ విభాగమే. కొత్తగా చేరేవాళ్లకు ఎలా అడగాలో నేర్పేదీ ఇదే. మూడేళ్లుగా నడుస్తున్న పని చావుల గురించి. ఆసుపత్రి కాగితాలు లేకుండా ఇళ్లలో, దారుల్లో పోయినవాళ్లు దేనివల్ల పోయారో ఎవరికీ తెలియదు. అందుకని వాళ్ల ఇళ్లకు వెళ్లి, దగ్గరివాళ్లను వరుసగా ముప్పై ఏడు ప్రశ్నలు అడుగుతారు. ఆ జవాబులను ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి, కారణం ఇదీ అని తేలుస్తారు. యంకప్ప ఇప్పటికి ఎనిమిది వందల పైచిలుకు ఇళ్లలో అడిగాడు.

పది గంటలకు విభాగం అధిపతి డాక్టర్ నిఖిలేశ్ మైకు పట్టుకున్నాడు. హైదరాబాదు నుంచి వచ్చి నాలుగేళ్లయిన మనిషి. చాలా నెమ్మదస్తుడు. తెర మీద బొమ్మలు చూపిస్తూ గంటసేపు మాట్లాడి, "పుస్తకంలో ఎంత చదివినా ఒకసారి చూస్తేగాని రాదు. యంకప్ప గారూ, ఒకసారి చేసి చూపిస్తారా?" అన్నాడు.

ముందు వరుసలోంచి ఒక అమ్మాయిని పిలిచారు. పేరు శ్రావ్య. తుర్విహాళ దగ్గర క్యాంపులో, ఆంధ్ర నుంచి వచ్చి వరి పండించే వాళ్ల ఇంట్లో పుట్టి పెరిగింది. తండ్రి పోయిన కూతురిలా ఆమె నటించాలి. యంకప్ప కుర్చీని ఆమెకు ఎదురుగా వేసుకోలేదు, కొంచెం పక్కకు లాక్కున్నాడు. సమ్మతి పత్రం చదివాడు. ఆమె తల ఊపింది.

"తల ఊపితే సాలదు. నోటితోని చెప్పాలె," అన్నాడు.

"సరేనండీ. ఒప్పుకుంటున్నాను."

పేరు అడిగాడు. వయసు అడిగాడు. జ్వరం ఎన్ని దినాలు, దగ్గు ఉండెనా, ఊపిరి ఆడిందా, ఛాతిల నొప్పి, ఒంటి మీద దద్దుర్లు, మెడ బిగుసుకోవడం. అతని గొంతు ఎక్కడా పైకి లేవలేదు, కిందికి దిగలేదు. ఒక ప్రశ్నకు జవాబు వచ్చాక రెండు క్షణాలు ఆగి, తర్వాతిది అడిగాడు. పది నిమిషాలయ్యేసరికి శ్రావ్య నటించడం మరిచిపోయి నిజంగానే కళ్లు తుడుచుకుంది. హాల్లో చప్పట్లు కొట్టారు.

కుర్చీలోంచి లేవబోతూ ఆమె అడిగింది. "సార్, ఇలా రోజూ అడుగుతుంటే మీకు బాధనిపించదా?"

"మొదట్ల అనిపిస్తది."

"తర్వాత?"

"తర్వాత ఇంకో ప్రశ్న ఉంటది గద. అది అడగాలె."

ముందు వరుసలో ఎవరో నవ్వారు. యంకప్ప నవ్వించడానికి చెప్పలేదు. తన కుర్చీని ఎత్తుకుపోయి వరుసలో పెట్టాడు.

మధ్యాహ్నం భోజనాల ముందు నిఖిలేశ్ అతన్ని తన గదికి పిలిచి, కంప్యూటరులో ఒక జాబితా తెరిచాడు. రెండో రోజు కొత్తవాళ్లను నిజమైన ఇళ్లకు తీసుకుపోవాలి. ఎవరు ఎక్కడికో రాసుకుంటున్నారు. ఆ జాబితాలో పేర్లుండవు. జనం వివరాలు బయటికి పోకూడదని ఊరు, నంబరు, ఆడో మగో, వయసు మాత్రమే కనిపించేట్లు కట్టారు.

"మీ దేవదుర్గ వైపు ఒకటి మిగిలిపోయింది. గబ్బూరు, అరవై ఒకటి. ఆడమనిషి, ముప్పై తొమ్మిదేళ్లు. రెండుసార్లు వెళ్తే రెండుసార్లూ ఇంటికి తాళం అని ఉంది. మూడోసారి కూడా తాళముంటే మూసేయాలి కదా. రేపు ఆ తుర్విహాళ అమ్మాయిని తీసుకుని మీరే వెళ్లండి. మనుషులుంటే ఆమె చేత అడిగించండి, లేకపోతే మూసేద్దాం."

"సరే సార్," అన్నాడు యంకప్ప.

ఆ ఇంటికి తాళమే లేదు. తలుపుకు ఒక ఇనుప గొళ్లెం, దానికి కట్టిన గుడ్డపీలిక. అది అతని అత్త రంగవ్వ ఇల్లు. ముప్పై తొమ్మిదేళ్ల ఆడమనిషి అతని భార్య హంపమ్మ. వానాకాలంలో పుట్టింటికి పోయి, అక్కడ జ్వరం పట్టుకుని, నాలుగో రోజు తెల్లవారుజామున దేవదుర్గ ఆసుపత్రికి పోతుంటే ఆటోలో పోయింది. ఊరి ఆశా కార్యకర్త నెలనెలా చావుల వివరాలు పంపుతుంది. మామూలుగానే ఇదీ పంపింది. అరవై ఒకటో నంబరు పడింది. దేవదుర్గ తాలూకా కూడా యంకప్పదే కాబట్టి అతని ట్యాబులోకే వచ్చింది. సొంతవాళ్ల ఇంట్లో అడగకూడదని నియమం. ఆ సంగతి పైకి చెప్తే వేరేవాళ్లను పంపిస్తారు. చెప్పలేదు. రెండుసార్లు దేవదుర్గ బస్టాండులో టీ బండి పక్కన కూర్చుని 'ఇల్లు తాళం' అనే చోట నొక్కాడు. మూడోసారి నొక్కితే ఆ నంబరు మూసుకుపోతుంది. ఎవరూ ఏమీ అడగరు.

మూడేళ్లలో అతను రాసిన అబద్ధాలు ఆ రెండే.

గది బయటికి వచ్చినవాడు మళ్లీ లోపలికి పోయాడు. చెప్పేయాలని పోయాడు. నిఖిలేశ్ అప్పటికే వరండాలోకి వెళ్లి, భోజనం పొట్లాల్లో నాలుగు తక్కువొచ్చాయని వంటవాళ్లతో ఫోనులో మాట్లాడుతున్నాడు. యంకప్పను చూసి, ఏమిటన్నట్టు కనుబొమలెత్తాడు. యంకప్ప చేతిని ఊరికే అడ్డంగా ఊపి, ఏం లేదన్నట్టు పక్కకు జరిగాడు. తన పొట్లం తీసుకుపోయి మెట్ల మీద కూర్చున్న ఒక కుర్రడాక్టరుకిచ్చాడు. సాయంత్రం కుర్చీలు మళ్లీ సరిచేశాడు. ట్యాబులు మళ్లీ చార్జింగులో పెట్టాడు.

మర్నాడు ఎనిమిదికి జీపు బయల్దేరింది. డ్రైవరు సూగప్ప పక్కన యంకప్ప, వెనక శ్రావ్య. ఊరు దాటాక రోడ్డుకు రెండు వైపులా పత్తిచేలు మొదలయ్యాయి. పగిలిన కాయలు తెల్లగా, ఏరనివి ఏరనట్టే ఉన్నాయి. వెనక సీటులో శ్రావ్య ప్రశ్నలు పైకి చదువుకుంటోంది.

"గబ్బూర్ల ఏ ఇల్లన్నా?" అన్నాడు సూగప్ప.

"నీకు తెల్సిన ఇల్లే."

పదకొండు వారాల కింద ఇదే జీపులో యంకప్పను గబ్బూరికి తీసుకుపోయింది సూగప్పే. జీపు వేగం దానంతటదే తగ్గింది. కొంతదూరం పోయాక, "వాపస్ తిప్పాల్నా?" అని అడిగాడు.

"వద్దు. పోనియ్."

వెనక శ్రావ్య జ్వరం దగ్గరికొచ్చింది. జ్వరం ఎన్ని రోజులు. దగ్గు ఉందా. ఊపిరి తీసుకోవడం కష్టమైందా. యంకప్ప కిటికీలోంచి చూస్తున్నాడు. ఈ వరుసలోనే అతను హంపమ్మను అడిగాడు. ఆమె పోయే ముందురోజు మధ్యాహ్నం తుర్విహాళ దగ్గర కాలువ గట్టు మీద, ఒక ఇల్లయిపోయి ఇంకో ఇంటికి పోతూ, రంగవ్వ నంబరు నుంచి రెండుసార్లు వచ్చి పోయిన ఫోను చూసుకుని తిరిగి చేశాడు. హంపమ్మే ఎత్తింది. జ్వరం తగ్గలేదంది. అతని నోట్లో ఉన్న వరుస అదే కాబట్టి అదే అడిగాడు. దగ్గు. లేదు. ఊపిరి. లేదు. ఛాతీ నొప్పి. లేదు. దద్దుర్లు, మెడ, తలతిరగడం, స్పృహ తప్పడం. ఒక్కోదానికి ఆమె లేదు, లేదు అంటూ పోయింది. ఇన్ని లేదులున్న మనిషికి భయమేమీ లేదని అతని లెక్క. గోలీ వేసుకో, రేపు చూద్దాం అన్నాడు. సాయంత్రం లోపల ఇంకా మూడిళ్లున్నాయి.

"శ్రావ్యమ్మా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"చెప్పండి సార్."

"మనం పోయే ఇల్లు మా అత్తగారిది. సచ్చిపోయింది నా భార్య."

చదవడం ఆగిపోయింది.

"మరి... తాళం వేసుందని..."

"నేనే రాసిన. తాళం లేదు."

"ఎందుకండీ అలా?"

యంకప్ప రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు. "నువ్వు ఎట్ల నేర్చుకున్నవో అట్లనే అడుగు. నా మొగం చూడకు. నేను బయట కూసుంట."

"నావల్ల కాదేమో సార్."

"అయితది. మొదటి ప్రశ్న అడిగినంక రెండోది అదే వస్తది."

రంగవ్వ ఇంటి ముందు అరుగు మీద కాళ్లు చాపుకుని పత్తికాయలు ఒలుస్తోంది. సగం పగిలినవి, చేలోంచి గంపకెత్తుకొచ్చినవి, పక్కన కుప్పగా ఉన్నాయి. పొట్టు ఒక వైపు పడేస్తోంది, దూది ఒక వైపు. జీపు చూసి చేతులు ఆపింది. దినాలయ్యాక అల్లుడు ఈ గడపకు రావడం ఇదే మొదలు.

"వచ్చినవా," అంది.

"వచ్చిన అత్తా."

"ఆ పిల్ల ఎవరు?"

"మా ఆఫీసు పిల్ల. నీ బిడ్డ గురించి కొన్ని అడుగుతది. తెల్సింది చెప్పు."

రంగవ్వ శ్రావ్య మెడలోని గుర్తింపు కార్డు వైపు, ఆమె చేతిలోని ట్యాబు వైపు చూసింది. "నువ్వే అడగొచ్చు గద. ఊర్లన్నీ అడుగుతవంట."

"నేను అడిగే కాయిదా లేదు. సొంతోళ్లను అడగరాదు."

"సరే తియ్యి," అని ముసలామె మోకాళ్ల మీద చేతులానించి లేచింది. శ్రావ్య చెప్పులు విప్పి ఆమె వెనకే లోపలికి పోయింది. మిగతావాళ్లు వినకుండా లోపల కూర్చోబెట్టి అడగాలని నిన్న నేర్పారు. నేర్పింది యంకప్పే. అయితే ఆ ఇంటి తలుపుకూ అరుగుకూ మధ్య నాలుగడుగులే ఉన్నాయి. అతను అరుగు మీద కూర్చున్నాడు. చేతులు ఊరికే ఉండక కుప్పలోంచి ఒక కాయ తీశాడు. ఒలిచి దూది ఒక వైపు, పొట్టు ఒక వైపు వేశాడు. ఇంకోటి తీశాడు.

లోపల శ్రావ్య సమ్మతి పత్రం చదివింది. గొంతు ఒకచోట తడబడి మళ్లీ సర్దుకుంది. "సరేనంటే సరే అని చెప్పాలి మామ్మగారూ."

"సరే బిడ్డా."

పేరు. వయసు. ఎక్కడ చనిపోయారు. దేవదుర్గ రోడ్డు మీద, మసీదు మలుపు దాటినంక. జ్వరం ఎన్ని రోజులుందండీ. నాలుగు దినాలు. యంకప్ప కాయ తర్వాత కాయ ఒలుస్తున్నాడు. ఇవన్నీ అతనికి తెలిసినవే. తెలిసిన జవాబులు ఇంకొకళ్ల నోటి నుంచి వింటున్నాడంతే.

"దగ్గుండేదా?"

"ఉండె. శాన ఉండె."

అతని చేయి ఆగింది.

"ఊపిరి ఆడక ఇబ్బంది పడ్డారా?"

"పడకుండనా. పండుకోరాకపోయేది. రాత్రంతా గోడకు ఆనుకొని కూసునేది. నేను వీపు రాసుకుంట కూసుంటుంటి."

యంకప్ప లేచాడు. ఒళ్లో పడ్డ దూదిని దులుపుకోలేదు. గడప దాటి లోపలికి వెళ్లి, వాళ్లిద్దరి పక్కన నిలబడ్డాడు.

"దగ్గు లేదన్నది నాతోని," అన్నాడు.

శ్రావ్య తలెత్తింది. "సార్, మీరు లోపలికి రాకూడదు కదండీ."

"రాకూడదు."

అయినా కదల్లేదు. కొంతసేపయ్యాక రంగవ్వ పక్కన చాప మీద కూర్చున్నాడు. "ఫారంల రెండో మనిషి చెప్పేదానికి జాగా ఉంది. నన్ను రాసుకో."

శ్రావ్య తెర మీద వేలితో వెతికి, ఆ చోటు తెరిచింది. మొదట ఏం చేయాలో ఆమెకు తట్టలేదు. తర్వాత తట్టింది. "అయితే మీకు కూడా చదవాలి సార్."

"చదువు."

"మీరు చెప్పే వివరాలు గోప్యంగా ఉంటాయి. ఇందులో పాల్గొనడం మీ ఇష్టం. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పకపోవచ్చు. ఎప్పుడైనా ఆపేయమని అడగవచ్చు. మీకు సమ్మతమేనా?"

ఆ నాలుగు మాటలు అతను ఎనిమిది వందల సార్లు చదివి వినిపించాడు. ఎవరైనా తనకు చదవడం ఎన్నడూ వినలేదు. ఆపేయమని నిజంగానే అడగొచ్చేమో అనిపించింది.

"ఒప్పుకుంటున్న," అన్నాడు.

"చనిపోయిన మనిషికి మీరేమవుతారు?"

"మొగుణ్ని."

"ఆమెకు దగ్గు ఉండేదా?"

"నేనడిగిన. లేదన్నది."

"ఊపిరి ఆడకపోవడం?"

"లేదన్నది."

"ఛాతీలో నొప్పి?"

"లేదన్నది."

శ్రావ్య ఒకసారి అతన్నీ, ఒకసారి రంగవ్వనూ చూసింది. ఇద్దరూ ఎదురెదురు చెప్తే ఏం రాయాలో నిన్నటి పాఠంలో లేదు. రంగవ్వ కాళ్లు ముడుచుకుని కూర్చుంది. అల్లుడి ఒళ్లోని దూదిపోగులను ఏరి తన చెంగులో వేసుకుంటూ మాట్లాడింది.

"ఆయన చెప్పేది కూడ నిజమే బిడ్డా. లేదనే అన్నది. నేను పక్కనే ఉంటి. కొంగు నోట్లె కుక్కుకొని దగ్గు ఆపుకున్నది, ఫోన్ల వినపడకుండ. ఆయన పెట్టేసినంక నేనడిగిన. ఏందే, రాత్రంతా నిద్ర లేదు, నీకు ఊపిరే ఆడ్తలేదు, మొగునికి అన్నీ లేదు లేదంటివి, ఏమైంది నీకు అని. నవ్వింది. 'అవ్వా, ఆయన అడిగేటివి సచ్చినోళ్ల ఇండ్లల్ల అడిగే మాటలు. నాకు వరస తెల్సు. ఉంది అన్నోళ్లంతా సచ్చినోళ్లే. నేనెందుకు ఉందనాలె' అన్నది."

బయట సూగప్ప ఎవరితోనో కన్నడలో మాట్లాడుతున్నాడు. జీపును కొంచెం పక్కకు పెట్టమంటున్నారు, ఎద్దులబండి పోవాలట.

యంకప్ప చాప అంచు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఫారం కొత్తగా వచ్చినప్పుడు అతను ఇంట్లో పైకి చదివి కంఠతా పట్టాడు. హంపమ్మ పొయ్యి ముందు రొట్టెలు తడుతూ వినేది. నాలుగు రోజులకే ఆమెకు అతనికంటే బాగా వచ్చేసింది. దద్దుర్లు విడిచిపెట్టినవు, అని పెనం మీద రొట్టె తిప్పుతూ అందించేది. అతను దాన్ని ఒక వేడుకగానే ఎంచాడు. ఆమె ఆ మాటలను దేనికింద జమకట్టుకుందో అడగలేదు. ఫోనులో అతను అడిగింది ఒక జ్వరం మనిషిని. ఆమెకు వినపడింది వేరే.

"నాకు తెల్వదు," అన్నాడు. ఎవరితో అన్నాడో అతనికే తెలియలేదు.

"నీకెట్ల తెలుస్తది," అంది రంగవ్వ. "ఆయనకు చెప్తే పని ఇడ్సి ఉరుకొస్తడు అన్నది. ఆదివారం ఎట్లనూ వస్తడు గద అన్నది."

శ్రావ్య చాలాసేపు తెర ముట్టుకోలేదు. అది నల్లబడిపోతే ఒకసారి తట్టింది. "దగ్గు దగ్గర, ఊపిరి దగ్గర ఏం రాయమంటారు సార్?"

"ఉంది అని రాయి. రెండూ."

ఆమె రాసింది. ఇంకా పదహారు ప్రశ్నలున్నాయి. అడిగింది. కొన్నింటికి రంగవ్వ చెప్పింది, కొన్నింటికి యంకప్ప చెప్పాడు. ముప్పై నాలుగో దగ్గర, జబ్బు ముదిరాక వెంటనే ఆసుపత్రికి ఎందుకు తీసుకుపోలేదు అని ఉంది. దూరం, వాహనం లేదు, డబ్బు లేదు, ప్రమాదమనుకోలేదు, ఇతరం. అయిదింట్లో ఒకటి నొక్కాలి.

రంగవ్వ తొందరపడింది. "ఆటో దొరకలే అని రాయి బిడ్డా."

"ఆటో దొరికింది అత్తా. తెల్లారి దొరికింది. ముందునాడు ఎవరూ పిలువలే." యంకప్ప శ్రావ్య వైపు తిరిగాడు. "ఇతరం నొక్కు. కింద రాసే జాగా వస్తది. నేను చెప్త, రాయి."

ఆమె నొక్కింది. చిన్న పెట్టె తెరుచుకుంది.

"నూట ఇరవై అక్షరాలే పడతాయంటోంది సార్."

"సాలు. ముందు రోజు భర్తకు ఫోన్ చేశారు. అతను రాలేదు. అంతే."

శ్రావ్య వేలు తెర మీద ఆగింది. "ఇంత మాట ఎందుకు సార్? ప్రమాదమనుకోలేదు అన్నది ఉంది కదా. అది నొక్కినా తప్పు కాదు కదండీ."

"ఎవరనుకోలే? ఆమె అనుకోలేదా, వాళ్లవ్వ అనుకోలేదా? అట్ల నొక్కితే డాక్టర్లు చదివేటప్పుడు ఇంట్లోళ్లకు తెలివి లేదు అనుకుంటరు. ఇంట్లోళ్లు ఫోన్ చేసిన్రు. రాయి."

ఆమె రాసింది. రంగవ్వకు చదువు రాదు. మెడ ముందుకు సాచి, "ఏం రాసినవో నాకు సదివి చెప్పు," అంది. శ్రావ్య చదివింది. ముసలామె కొంచెంసేపు ఆలోచించింది.

"గట్ల సగమే రాస్తే ఎట్ల? నా బిడ్డ లేదన్నది గద. అది కూడ రాయి. ఆయన అడిగిండు, ఆమె లేదన్నది."

"అది వద్దత్తా."

"నీ మాట నువ్వు చెప్పినవు, నా మాట నేను చెప్తున్న," అంది రంగవ్వ. గొంతు పెంచలేదు. "నా కాడ కూడ సరే అనిపించుకున్నది ఈ పిల్ల."

శ్రావ్య చెరిపి మళ్లీ రాసింది. అక్షరాలు లెక్క చూసుకుంది. సరిపోయింది. పైకి చదివింది. "ముందు రోజు భర్తకు ఫోన్ చేశారు. అతను ప్రశ్నలు అడిగాడు. ఆమె అన్నింటికీ లేదంది. అతను రాలేదు."

"ఆఁ," అంది రంగవ్వ. "గిట్ల ఉండనీ."

శ్రావ్య తర్వాతి ప్రశ్నకు పోయింది.

రాయచూరు చేరేసరికి మూడయింది. యంకప్ప ట్యాబు తీసుకుని నేరుగా నిఖిలేశ్ గదికి పోయాడు. నిలబడే చెప్పాడు. అరవై ఒకటో నంబరు తన భార్యది. ఫారం నింపి తెచ్చాం. అడిగేటప్పుడు నేను లోపలికి పోయిన. ఇంతకు ముందు రెండుసార్లు తాళం అని రాసింది అబద్ధం. ఊరికి పోకుండనే రాసిన.

నిఖిలేశ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"యంకప్ప గారూ, మీకు తెలుసు కదా. రెండు దొంగ రాతలు బయటపడితే మీరు రాసినవన్నీ అనుమానమే అవుతాయి. ఎనిమిది వందల ఇళ్లలో కొన్నింటికైనా మళ్లీ మనుషుల్ని పంపాలి. అవునా కాదా చూడాలి."

"తెల్సు సార్."

"నాకు ఒక్క మాట చెప్పుంటే ఇంకెవరినైనా పంపేవాణ్ని."

"చెప్దామని నిన్న వచ్చిన సార్. మీరు అన్నం పొట్లాల కాడ ఉంటిరి."

అందులో నిష్ఠూరమేమీ లేదు. జరిగింది చెప్పాడు. నిఖిలేశ్ ముఖం మాత్రం ఎర్రబడింది. పదకొండు వారాల్లో ఒక్కసారి, పదో రోజున, ఈ మనిషి ఇంటికి పోయి అరగంట కూర్చుని, భార్య పుట్టిల్లు గబ్బూరని విని వచ్చాడు. ఆ తర్వాత గబ్బూరు అనే పేరు జాబితాలో ఎన్నిసార్లు చూసినా అతనికి ఏమీ తట్టలేదు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ఫారం తెరిచి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ముప్పై నాలుగో దగ్గర ఎక్కువసేపు ఆగాడు.

"దీన్ని నేను తీసేయను," అన్నాడు చివరికి. "తల్లి చెప్పిన జవాబులు పనికొస్తాయి. మీరు లోపలికి వచ్చారని పక్కన రాస్తాను. మిగతా ఇళ్లు సరిచూసేదాకా మీరు ఫీల్డుకు పోవద్దు. ఎన్నాళ్లో చెప్పలేను."

"సరే సార్."

ట్యాబు, సంచి, మెడలోని కార్డు బల్ల మీద పెట్టాడు. మూడో రోజు సెమినారులో అతను చెప్పాల్సిన పాఠం ఇంకెవరో చెప్పారు. సాయంత్రం సర్టిఫికెట్లిచ్చారు. యంకప్ప వెనక నిలబడి, ఒక్కొక్కరి పేరు పిలిచినప్పుడల్లా కుర్చీ ఒకటి మడిచి గోడకానించాడు. శ్రావ్య సర్టిఫికెట్ తీసుకుని అతని దగ్గరికొచ్చింది. దేవదుర్గ వైపు ఊళ్లు ఇక తనకిచ్చారని చెప్పింది. ఇంకేదో చెప్పబోయి, అతని చేతిలోంచి ఒక కుర్చీ తీసుకుని తనే మడిచింది. ఇద్దరూ కలిసి ముప్పై ఆరూ సర్దారు.

మర్నాడు పొద్దున్నే అతనికి పోవాల్సిన చోటు లేదు. స్నానం చేసి, చొక్కా వేసుకుని, బస్టాండుకు నడిచాడు. దేవదుర్గ బస్సు కదలబోతుంటే ఎక్కాడు. చేతిలో సంచి లేక చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గబ్బూరులో దిగి నడిచిపోయేసరికి రంగవ్వ అరుగు మీదే ఉంది. పత్తికాయల కుప్ప సగానికి తగ్గింది.

"ఇంకేమన్న మిగిలిందా అడిగేది?" అంది.

"ఏం లేదు. ఊకనే వచ్చిన."

రంగవ్వ గంపను పక్కకు లాగింది. అతను కూర్చున్నాడు. ఒక కాయ తీసి ఒలవడం మొదలుపెట్టాడు. పత్తి బండ్లు రెండు పోయాయి. ఎండ అరుగు మీదికి వచ్చింది. అప్పుడు రంగవ్వ, ఎవరూ అడగకుండానే, చెప్పడం మొదలుపెట్టింది.

"ఆనాడు పొద్దుమూకి పుండికూర కావాలన్నది. జొరం నోటికి పుల్లగ తినబుద్ది అయితున్నదంట. పక్కింటి ఆనెప్ప చేన్ల కెల్లి నాలుగాకులు తెచ్చి చేస్తి. రెండు బుక్కలు తిన్నది. ఉప్పు లేదని నాతోని జగడం పెట్టుకున్నది. నేను ఉప్పేస్తి. ఇప్పుడెక్కువైంది అన్నది. అప్పుడు ఇంత మొగం ఉండె దానికి, జగడమాడుతుంటే..."

యంకప్ప కాయలు ఒలుస్తున్నాడు. రంగవ్వ ఆగింది. అతను ఏమైనా అంటాడేమోనని చూసింది. అతను తల వంచుకునే ఉన్నాడు.

"నడుమ నడుమ ఊ కొట్టు అల్లుడా. గోడతోని మాట్లాడినట్లుంది నాకు."

యంకప్ప చేతిలోని కాయను కింద పెట్టాడు.

"ఊఁ," అన్నాడు.

"ఆఁ. గా ఉప్పు కాడనే శానసేపు..." అని రంగవ్వ మళ్లీ మొదలుపెట్టింది.